లాగ్ ఫైల్ పేరు మారింది, సర్వీస్‌కి కబురు అందలేదు

సర్వర్ తేడాగా ఉందని ఫోన్ వస్తుంది. లాగిన్ అయి చూస్తే, జరిగేవన్నీ నమోదయ్యే లాగ్ ఫైల్ ఉండాల్సిన చోటే ఉంది, కానీ సైజు సున్నా. పక్కనే పాత తేదీతో ఉన్న ఇంకో ఫైల్ మాత్రం పెరుగుతూ పోతోంది. ఈ నిమిషంలో వచ్చిన మెసేజ్‌లు కూడా దాంట్లోనే పడుతున్నాయి. సర్వీస్ స్టేటస్ అడిగితే "యాక్టివ్, రన్నింగ్" అని పచ్చరంగులో చూపిస్తుంది. రీస్టార్ట్ కొట్టగానే అంతా సర్దుకుంటుంది. ఇంకో వారానికి మళ్ళీ అదే గోల.

లైనక్స్ సర్వర్లు చూసుకునే చాలా టీముల్లో ఈ కథ "రీస్టార్ట్ చేశాం, పోయింది" దగ్గరే ఆగిపోతుంది. సర్వీస్ చచ్చిపోయి ఉంటే అలర్ట్ వచ్చేది. క్రాష్ అయి ఉంటే ఎక్కడో ఒక ఎర్రర్ దొరికేది. ఇక్కడ రెండూ లేవు. విడివిడిగా చూస్తే ఏ ప్రోగ్రామ్‌లోనూ తప్పు కనిపించదు. రెండు ప్రోగ్రాముల మధ్య జరగాల్సిన అప్పగింత జరగలేదు, అది జరిగిందో లేదో చూసే బాధ్యత ఎవరికీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కువ సర్వర్లలో కనిపించే జంటనే ఉదాహరణగా తీసుకుందాం: మెసేజ్‌లని ఫైల్‌లోకి రాసేది ఆర్‌సిస్‌లాగ్; ఆ ఫైల్‌ని తిప్పేది, అంటే పాతదాన్ని పక్కనపెట్టి ఖాళీది మొదలుపెట్టేది, లాగ్‌రొటేట్.

ఒకరికొకరు తెలియని జంట

ప్రోగ్రాములు తమ మెసేజ్‌లని లాగ్‌కి పంపే పద్ధతి సిస్‌లాగ్. అది 1980లలో పుట్టింది. ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రామ్ రాస్తున్నప్పుడు దానికి పక్కవాద్యంగా తయారైంది. తర్వాత యూనిక్స్‌లో అందరూ దాన్నే వాడుకున్నారు. అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతిని 2001లో ఆర్ఎఫ్‌సీ 3164 అనే ఇంటర్నెట్ పత్రం పేరుతో కాగితం మీద పెట్టారు. 2009లో ఆర్ఎఫ్‌సీ 5424 ప్రమాణంగా వచ్చింది. మెసేజ్ ఎలా ఉండాలో ఈ పత్రాల్లో వివరంగా ఉంటుంది. ఆ మెసేజ్‌లు పడే ఫైల్ పెరిగిపోతే ఏం చేయాలన్నది వాటి పరిధిలోనే లేదు. రైనర్ గెర్‌హార్డ్స్ 2004లో మొదలుపెట్టిన ఆర్‌సిస్‌లాగ్ కూడా ఆ పనిని మొదట్నుంచీ బయటివాళ్ళకే వదిలేసింది.

ఆ బయటివాడే లాగ్‌రొటేట్. లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్‌లో ఎరిక్ ట్రోన్ రాసిన చిన్న ప్రోగ్రామ్ ఇది. ఎప్పుడూ నడుస్తూ ఉండేది కాదు. వేళకి పనులు మొదలుపెట్టే క్రాన్ గానీ, సర్వీసులని నడిపే సిస్టమ్‌డిలోని టైమర్ గానీ రోజుకోసారి లేపితే లేస్తుంది. కాన్ఫిగ్ చదువుతుంది, గడువు దాటిన ఫైళ్ళ పేర్లు మారుస్తుంది, ఖాళీ ఫైళ్ళు తయారుచేస్తుంది, చెప్పిన స్క్రిప్ట్ నడుపుతుంది, పాతవాటిని కుదిస్తుంది, మరీ పాతవాటిని తుడిచేస్తుంది, వెళ్ళిపోతుంది. ఆ ఫైల్‌లోకి ఎవరు రాస్తున్నారో దానికి తెలియదు. తన ఫైల్ పేరు ఎవరో మార్చారని ఆర్‌సిస్‌లాగ్‌కీ తెలియదు. ఇద్దరినీ కలిపేది పోస్ట్‌రొటేట్ అనే ఆ స్క్రిప్ట్‌లో ఒకే ఒక్క లైన్. ఆర్‌సిస్‌లాగ్‌కి హప్ సిగ్నల్, అంటే ఫైళ్ళు మూసి మళ్ళీ తెరవమనే సంకేతం, పంపించే లైన్ అది.

పేరు వేరు, ఫైల్ వేరు

ఆ సిగ్నల్ ఎందుకు కావాలో అర్థం కావాలంటే లైనక్స్ దృష్టిలో ఫైల్ అంటే ఏమిటో చూడాలి. మనకి ఫైల్ అంటే పేరు. లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌కి ఫైల్ అంటే ఐనోడ్, అంటే ఒక నంబరు. డైరెక్టరీలో ఉండే పేరు ఆ నంబరుకి దారి చూపిస్తుంది, అంతే. ప్రోగ్రామ్ ఫైల్ తెరిచేటప్పుడు మాత్రమే పేరుతో పని. తెరిచాక చేతికి ఒక ఫైల్ డిస్క్రిప్టర్ వస్తుంది, అది నేరుగా ఐనోడ్‌ని పట్టుకుని ఉంటుంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినా మనిషి మారనట్టే, ఫైల్ పేరు ఎన్నిసార్లు మార్చినా తెరిచి పట్టుకున్నవాళ్ళకి అది అదే ఫైల్.

కాబట్టి లాగ్‌రొటేట్ 'మెసేజెస్' అనే ఫైల్‌ని పాత తేదీ తగిలించిన పేరుకి మార్చినప్పుడు ఆర్‌సిస్‌లాగ్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. అదే ఐనోడ్‌లోకి రాస్తూ పోతుంది. అదే పేరుతో వచ్చిన ఖాళీ ఫైల్ వేరే ఐనోడ్, దాన్ని ఎవరూ తెరవలేదు. మొదట్లో చెప్పిన సున్నా సైజు ఫైల్ ఇదే. హప్ అందాకే ఆర్‌సిస్‌లాగ్ పాతదాన్ని మూసి, అదే పేరుతో మళ్ళీ తెరుస్తుంది. అప్పుడు కొత్త ఐనోడ్ దొరుకుతుంది.

పేరు మార్చడానికీ హప్ అందడానికీ మధ్య వచ్చే మెసేజ్‌లు పోతాయేమో అని చాలామంది టెన్షన్ పడతారు. పోవు, పాత ఫైల్‌లో పడతాయి. అసలు ప్రమాదం ఆ తర్వాతి అడుగులో ఉంది. కుదించేటప్పుడు జీజిప్ పాత ఫైల్‌ని చదివి, కొత్తగా కుదించిన ఫైల్ రాస్తుంది, ఆ తర్వాత లాగ్‌రొటేట్ అసలుదాన్ని తుడిచేస్తుంది. అప్పటికి హప్ అందకపోతే ఆర్‌సిస్‌లాగ్ పేరే లేని ఫైల్‌లోకి రాస్తూ ఉంటుంది. దాన్ని తెరిచి పట్టుకున్నవాళ్ళు వదిలేదాకా కెర్నల్ ఆ జాగాని వెనక్కి తీసుకోదు. డిస్క్ మొత్తం వాడకాన్ని చూపే డీఎఫ్ కమాండ్ డిస్క్ నిండిపోయిందంటుంది, పేరున్న ఫైళ్ళని కూడే డీయూ కమాండ్ లెక్కేస్తే అందులో సగం కూడా తేలదు. ఈ రెండు లెక్కలూ కలవకపోతే ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌తో తుడిచేసినా ఇంకా తెరిచే ఉన్న ఫైళ్ళ జాబితా తీయాలి. ఈలోగా ఎవరైనా సర్వీస్ రీస్టార్ట్ చేశారా, జాగా వెనక్కి వస్తుంది, ఆ మెసేజ్‌లు మాత్రం శాశ్వతంగా పోతాయి. రీస్టార్ట్ చేసే ముందు, నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ కింద ఉండే డిస్క్రిప్టర్ నుంచి కాపీ తీసుకోవచ్చు. ఇది తెలియక పోగొట్టుకున్న లాగ్‌లే ఎక్కువ.

డిలేకంప్రెస్ అనే ఆప్షన్ ఇందుకే ఉంది. పాత ఫైల్‌ని వెంటనే కుదించకుండా తర్వాతి విడతదాకా ఆగుతుంది. హప్ సరిగ్గా పనిచేసే చోట కూడా అది అవసరమే, ఎందుకంటే సిగ్నల్ పంపడం వేరు, అవతలివాళ్ళు దాన్ని పట్టించుకుని ఫైల్ మూయడం వేరు. మధ్యలో కొంత సమయం పడుతుంది, లాగ్‌రొటేట్ దానికోసం ఆగదు.

ఒక్క లైన్‌లో ఎన్ని తప్పులో

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం చాలా సాదాది: ఆ లైన్ లేకపోవడం. ఎవరో కొత్త అప్లికేషన్ లాగ్‌ని ఆర్‌సిస్‌లాగ్ ద్వారా వేరే ఫైల్‌లోకి మళ్ళిస్తారు. దానికి లాగ్‌రొటేట్ కాన్ఫిగ్ కూడా రాస్తారు, ఎన్నాళ్ళు ఉంచాలి, కుదించాలా వద్దా అన్నీ పెడతారు. పోస్ట్‌రొటేట్ మర్చిపోతారు. అదే రాత్రి ఆర్‌సిస్‌లాగ్ సొంత కాన్ఫిగ్ కూడా నడిచి హప్ పంపితే అన్ని ఫైళ్ళూ కలిపి మళ్ళీ తెరుచుకుంటాయి, తప్పు కప్పబడిపోతుంది. ఆ రెండు కాన్ఫిగ్‌ల గడువులు వేరైన రోజున బయటపడుతుంది. "ఇన్నాళ్ళూ పనిచేసింది కదా" అనే మాట ఇక్కడ పూర్తిగా నిజం, పూర్తిగా పనికిరానిది.

లైన్ ఉన్నా అది పనిచేస్తుందన్న హామీ లేదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7లో వచ్చే కాన్ఫిగ్ పిడ్ ఫైల్‌లోంచి ప్రాసెస్ నంబరు చదివి దానికి హప్ పంపేది. అది వెతికేది 'సిస్‌లాగ్‌డి' పేరున్న పిడ్ ఫైల్. ఆర్‌సిస్‌లాగ్ ప్రాజెక్ట్ సొంత ప్యాకేజీలు 'ఆర్‌సిస్‌లాగ్‌డి' పేరుతో రాసుకుంటే ఇద్దరికీ పొత్తు కుదరదు. కుదరలేదని మనకి తెలుస్తుందా? తెలియదు. ఎందుకంటే ఆ లైన్ ఎర్రర్ మెసేజ్‌ని డెవ్ నల్‌కి, అంటే ఏది వేసినా మాయమైపోయే చోటికి, పంపేస్తుంది, చివర్లో రెండు నిలువు గీతలు పెట్టి 'ట్రూ' అని రాసి ఉంటుంది. అంటే ఏం జరిగినా బాగానే జరిగిందని చెప్పు అని. సర్వీస్ నడవని సమయంలో రొటేషన్ ఆగిపోకూడదన్న మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కానీ ఈ మొత్తం ఏర్పాటులో మాట్లాడగలిగిన ఒకే ఒక్క లైన్ నోరు కట్టేశారు. నా దృష్టిలో ఈ సమస్య ఇంతకాలం సతాయించడానికి దీన్ని మించిన కారణం లేదు.

ఇప్పటి కాన్ఫిగ్‌లు పిడ్ ఫైల్ జోలికి పోకుండా సిస్టమ్‌డి చేతే సిగ్నల్ పంపిస్తాయి. ఇది మేలే. దీనికీ ఒక మెలిక ఉంది. ప్రత్యేకంగా చెప్పకపోతే సిస్టమ్‌డి ఆ సర్వీస్ కింద ఉన్న ప్రాసెస్‌లన్నిటికీ సిగ్నల్ పంపుతుంది. ఆర్‌సిస్‌లాగ్ మన సొంత స్క్రిప్ట్ ఒకదాన్ని పిల్ల ప్రాసెస్‌గా నడుపుతూ ఉంటే దానికీ హప్ తగులుతుంది. హప్‌ని పట్టించుకోవడానికి కోడ్ రాయని ప్రోగ్రామ్ హప్ అందగానే చచ్చిపోవాలన్నది యూనిక్స్ నియమం. ఒకప్పుడు మోడెమ్ లైన్ తెగిపోతే టెర్మినల్ మీద నడిచేవాటిని ఆపడానికి పెట్టిన సిగ్నల్ అది. టెర్మినలే లేని సర్వీసులు దాన్ని "ఫైళ్ళు మళ్ళీ తెరువు" అన్న అర్థంలో వాడుకున్నాయి. పాత అర్థం మాత్రం డిఫాల్ట్‌గా అలాగే మిగిలింది.

ఆర్‌సిస్‌లాగ్ పాత వెర్షన్లలో హప్ అంటే దాదాపు పూర్తి రీస్టార్టే. కాన్ఫిగ్ మళ్ళీ చదివేది, నెట్‌వర్క్ కనెక్షన్లు తెగేవి. వెర్షన్ 5 నుంచి ఫైళ్ళు మూసి తెరవడం వరకే పరిమితమైంది. దాంతో ఇంకో అపోహ మిగిలింది: కాన్ఫిగ్ మార్చి హప్ పంపితే చాలనుకుంటారు. చాలదు.

హప్ అందింది, తలుపు తెరుచుకోలేదు

ఇప్పుడు చెప్పేది నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే రకం. సిగ్నల్ సరిగ్గా వెళ్ళింది. ఆర్‌సిస్‌లాగ్ పాత ఫైల్‌ని మూసింది. కొత్తదాన్ని తెరవబోతే అనుమతి లేదు.

పర్మిషన్లను కెర్నల్ తనిఖీ చేసేది ఫైల్ తెరిచేటప్పుడే. ఒకసారి తెరిచాక ఓనర్ మార్చినా, పర్మిషన్లు పీకేసినా, పట్టుకున్న డిస్క్రిప్టర్‌తో రాస్తూ పోవచ్చు. ఎవరో ఒక మధ్యాహ్నం ఆడిట్ వాళ్ళ మాట మీద లాగ్ డైరెక్టరీ మొత్తాన్ని సర్వాధికారాలున్న రూట్ యూజర్ పేరు మీదకి మార్చేస్తారు. ఏమీ కాదు. టికెట్ మూసేస్తారు. ఉబుంటు లైనక్స్‌లో ఆర్‌సిస్‌లాగ్ రూట్‌గా ఉండదు, మొదలైన కాసేపటికే 'సిస్‌లాగ్' అనే మామూలు యూజర్‌గా దిగిపోతుంది. ఆ రాత్రో వారం తర్వాతో రొటేషన్ జరిగి, హప్ వచ్చి, ఫైల్ మళ్ళీ తెరవాల్సి వచ్చినప్పుడు ఆ మధ్యాహ్నం చేసిన పని లెక్క తేలుతుంది. అందరూ రొటేషన్‌ని అనుమానిస్తారు. నిజానికి అది అప్పటికే ఉన్న తప్పుని బయటపెట్టింది, అంతే. లాగ్‌రొటేట్ కాన్ఫిగ్‌లో 'క్రియేట్' లైన్‌లో యూజర్ పేరు తప్పుగా ఉన్నా ఇదే ఫలితం. ఎస్ఈలైనక్స్ అనే అదనపు భద్రతా ఏర్పాటు ఉన్న చోట ఫైల్ లేబుల్ వేరుగా ఉన్నా ఇంతే. లాగ్‌లని కొత్త డిస్క్ మీదకి మార్చినవాళ్ళకి ఇది తరచు ఎదురవుతుంది.

తెరవలేకపోయినప్పుడు ఆర్‌సిస్‌లాగ్ ఆ ఫైల్‌లోకి రాసే పనిని సస్పెండ్ చేసి, కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. డిఫాల్ట్ సెట్టింగ్‌లో ఈలోగా వచ్చిన మెసేజ్‌లని దాచి ఉంచదు, వదిలేస్తుంది. పర్మిషన్ లేదన్న ఎర్రర్‌ని బుద్ధిగా లాగ్‌కి పంపుతుంది. ఏ లాగ్‌కి? తెరుచుకోని ఆ లాగ్‌కే. సిస్టమ్‌డి ఉన్న మెషిన్లలో దాని సొంత లాగ్ అయిన జర్నల్‌లో వెతికితే ఆ ఎర్రర్ దొరుకుతుంది. ఫైల్ ఖాళీగా ఉందని అక్కడే ఆగిపోతే మాత్రం ఎప్పటికీ దొరకదు.

మెసేజ్‌లు పోకూడదని కొందరు ఎన్నిసార్లైనా ప్రయత్నించమని సెట్ చేస్తారు. అది ఇంకో ప్రమాదానికి దారి. ఫైల్ తెరుచుకోదు, క్యూ నిండుతుంది, నిండాక ఆర్‌సిస్‌లాగ్ కొత్త మెసేజ్‌లు తీసుకోవడం ఆపేస్తుంది. ప్రోగ్రాములు మెసేజ్‌లు వేసే డెవ్ లాగ్ అనే సాకెట్‌ని ఆర్‌సిస్‌లాగే నేరుగా చదివే పాత మెషిన్లలో ఆ సాకెట్ కూడా నిండుతుంది. ఇక ఎస్ఎస్‌హెచ్, సుడో, క్రాన్, ఏది లాగ్ రాయబోయినా అక్కడే బిగుసుకుపోతుంది. మెషిన్ పింగ్‌కి పలుకుతుంది, లాగిన్ మాత్రం కాదు. లాగ్ సర్వీస్ వల్ల లాగిన్ ఆగిపోయిందంటే మేనేజర్ నమ్మడం కష్టమే, కానీ జరిగేది అదే.

తిప్పేవాడే లేవకపోతే

లాగ్‌రొటేట్ వైపు తప్పులు వేరే రకం, కొంచెం తేలిక. చివరిసారి ఏ ఫైల్‌ని ఎప్పుడు తిప్పిందో ఒక స్టేట్ ఫైల్‌లో రాసుకుంటుంది. డిస్క్ నిండిన రోజునో కరెంట్ పోయి మెషిన్ ఆగిన రోజునో ఆ ఫైల్ పాడైతే, అందులో లైన్ చదవలేకపోయానని చెప్పి మొత్తం పని మానేస్తుంది. డిస్క్ నిండడం వల్ల రొటేషన్ ఆగడం, రొటేషన్ ఆగడం వల్ల డిస్క్ నిండడం అలా మొదలవుతుంది. ఒకే ఫైల్ రెండు కాన్ఫిగ్‌లలో ఉంటే డూప్లికేట్ అంటుంది. తేదీ తగిలించే పద్ధతిలో ఒకే రోజు రెండోసారి తిప్పాల్సి వస్తే ఆ పేరుతో ఫైల్ ఉందని వదిలేస్తుంది. సైజుని బట్టి తిప్పేవాళ్ళు ఇక్కడ దెబ్బ తింటారు. తేదీ ఫార్మాట్‌లో గంట కూడా చేర్చుకోవాలి. డైరెక్టరీని రూట్ కాని గ్రూప్ రాయగలిగేలా ఉంచితే భద్రత లేదని ముట్టుకోదు, 'ఎస్‌యూ' అనే లైన్ పెట్టమంటుంది.

వీటిలో బుర్ర తినేది ఒకటే: చేత్తో నడిపితే పనిచేస్తుంది, రాత్రి దానంతటది నడిస్తే పనిచేయదు. డెబియన్ లైనక్స్‌లో లాగ్‌రొటేట్ సర్వీస్‌ని సిస్టమ్‌డి కట్టుదిట్టంగా నడుపుతుంది, యూఎస్ఆర్, ఈటీసీ డైరెక్టరీల్లోకి రాయనివ్వదు. యూఎస్ఆర్ లోకల్ కింద ఇన్‌స్టాల్ చేసిన అప్లికేషన్ తన లాగ్‌లని అక్కడే పెట్టుకుంటే టైమర్ ద్వారా అవి తిరగవు. రూట్‌గా లాగిన్ అయి నడిపితే ఏ అడ్డూ ఉండదు కాబట్టి తిరుగుతాయి. ఎస్ఈలైనక్స్ విషయంలోనూ ఇదే తేడా. కాబట్టి పరీక్షించేటప్పుడు కమాండ్‌ని కాదు, సర్వీస్‌నే స్టార్ట్ చేసి చూడాలి. డీబగ్ ఆప్షన్‌తో నడిపితే అసలేమీ జరగదని, స్క్రిప్ట్ కూడా నడవదని గుర్తుంచుకోవాలి. దాన్ని చూసి "టెస్ట్ పాస్" అనడం చెల్లదు.

సమయం గురించి ఒక మాట. పాత డెబియన్ పద్ధతిలో క్రాన్ రోజువారీ పనులు ఉదయం 6:25కి మొదలవుతాయి. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, ఉంటే అది మనకి 11:55. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని విదేశీ క్లయింట్ సర్వర్లు చూసేవాళ్ళు "రొటేషన్ అర్ధరాత్రి కదా" అనుకుని మధ్యాహ్నం గొడవని దానితో ముడిపెట్టరు. టైమర్ పద్ధతిలో యూటీసీ అర్ధరాత్రి అంటే మనకి తెల్లవారుజాము 5:30, అదీ ఒక్కోసారి ఆలస్యంగా.

కాపీట్రంకేట్ అనే దొడ్డిదారి

సిగ్నల్ గోలంతా ఎందుకని చాలామంది కాపీట్రంకేట్ పెడతారు. ఫైల్ పేరు మార్చకుండా దాన్ని కాపీ తీసి, అసలుదాన్ని సున్నాకి కత్తిరించే పద్ధతి ఇది. ఐనోడ్ మారదు కాబట్టి ఎవరికీ చెప్పక్కర్లేదు. కాకపోతే కాపీ ముగియడానికీ కత్తిరించడానికీ మధ్య పడిన లైన్లు పోతాయి. ఫైల్ చివర మాత్రమే రాస్తానని అపెండ్ పద్ధతిలో తెరవని ప్రోగ్రామ్ అయితే, తను ఆగిన చోటినుంచే మళ్ళీ రాస్తుంది. ఫైల్ మొదట్లో గిగాబైట్ల కొద్దీ సున్నా బైట్లు, చివర్లో నాలుగు లైన్లు. ఫైళ్ళు మళ్ళీ తెరవడం చేతకాని అప్లికేషన్‌కి గత్యంతరం లేక వాడొచ్చు. హప్ అర్థమయ్యే ఆర్‌సిస్‌లాగ్‌కి దీన్ని పెట్టడం మాత్రం బద్ధకమే.

సిస్టమ్‌డి సొంత లాగ్ సర్వీస్ జర్నల్‌డి ఈ తగాదా లేకుండా రాసేదీ తిప్పేదీ తానే అయింది. డిఫాల్ట్‌గా ఫైల్‌సిస్టమ్‌లో 10 శాతం, గరిష్ఠంగా 4 జీబీ దాటనివ్వదు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆర్‌సిస్‌లాగ్ డిఫాల్ట్‌గా రావడమే మానేసింది. అయినా లాగ్‌లని బయటి సర్వర్‌కి పంపాల్సిన చోట, ఏళ్ళ తరబడి టెక్స్ట్ ఫైళ్ళ మీద స్క్రిప్ట్‌లు రాసుకున్న చోట అది కొనసాగుతూనే ఉంది.

ఏం చూడాలి

సర్వీస్ నడుస్తోందా అన్నది తప్పు ప్రశ్న. ఫైల్‌లోకి చివరి లైన్ ఎప్పుడు పడింది అన్నది సరైన ప్రశ్న. రొటేషన్ అయ్యాక లాగర్ కమాండ్‌తో ఒక మెసేజ్ పంపి, అది కొత్త ఫైల్‌లో కనిపించిందో లేదో చూసే చిన్న చెక్ పెడితే పైన చెప్పిన హప్ తప్పులూ, పర్మిషన్ తప్పులూ చాలావరకు ఒకే వలలో పడతాయి. ఐనోడ్ నంబర్లు చూడటం అలవాటు చేసుకుంటే అర నిమిషంలో తేలుతుంది: ఎల్ఎస్ చూపించే నంబరూ, ఎల్ఎస్ఓఎఫ్‌లో ఆర్‌సిస్‌లాగ్ పట్టుకున్న నంబరూ ఒకటేనా కాదా. పోస్ట్‌రొటేట్ చివర ఉన్న ఆ 'ట్రూ'ని కూడా తీసేయమనే చెబుతాను. రొటేషన్ ఫెయిలైందని ఒక మెయిల్ ఎక్కువ వస్తే వచ్చింది.

ఇది కేవలం సౌకర్యం విషయం కూడా కాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో సంస్థలు తమ సిస్టమ్ లాగ్‌లని 180 రోజులు భద్రపరచాలి. లాగ్‌రొటేట్‌తో మామూలుగా వచ్చే సెట్టింగ్ వారానికోసారి, 4 విడతలు. అంటే ఇంచుమించు ఒక నెల. ఆ 4ని 26 చేసి ఊరుకున్నవాళ్ళున్నారు. లెక్క సరిపోతుంది, కానీ ఆ 26 ఫైళ్ళలో కొన్ని ఖాళీగా ఉంటే అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

పేరు మార్చడమే చిక్కులకి మూలమైతే అసలు మార్చకుండా ఉండే దారీ ఉంది. ఫైల్ పేరులోనే తేదీ ఉండేలా ఆర్‌సిస్‌లాగ్‌లో టెంప్లేట్ రాసుకుంటే, తేదీ మారగానే అదే కొత్త ఫైల్ తెరుచుకుంటుంది. హప్ అక్కర్లేదు, పోస్ట్‌రొటేట్ అక్కర్లేదు. ఇలా తెరిచిన ఫైల్‌లోకి 10 నిమిషాలు ఏమీ రాయకపోతే దాన్ని తనే మూసేస్తుంది. కుదించడం, తుడవడం మాత్రం మన మీద పడతాయి. ఫైండ్ కమాండ్‌తో రెండు రోజులు దాటినవాటిని కుదించి, 180 రోజులు దాటినవాటిని తీసేసే ఒక చిన్న క్రాన్ పని సరిపోతుంది. అంత పాత ఫైల్‌ని అప్పటికి ఎవరూ తెరిచి పట్టుకుని ఉండరు.